అమ్రాబాద్ అడవికి తలుపు ఎందుకు?

సెలవులు రాగానే పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్ళాలన్న ప్రశ్న ప్రతి కుటుంబంలోనూ తలెత్తుతుంది. పట్టణాల్లో నివసించేవారికి వెంటనే స్ఫురించేవి దుకాణ సముదాయాలు, వినోద ఉద్యానాలు. అక్కడ టికెట్టు కొన్నవానిదే పెత్తనం. ఎంత బిగ్గరగానైనా అరవవచ్చు, ఏది కోరితే అది తినవచ్చు, మిగిలినది పారవేయవచ్చు. ఈ నెల మేము పాఠకుల దృష్టికి తేదలచిన చోటు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ టికెట్టు కొన్నవాడు సయితం అతిథి మాత్రమే. ఆ ఇంటివారు వేరే ఉన్నారు. అది నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం.

హైదరాబాద్ నుంచి కల్వకుర్తి, డిండి మీదుగా శ్రీశైలం వెళ్ళే రహదారిలో మన్ననూరు వద్ద అటవీశాఖ తనిఖీ కేంద్రం ఉన్నది. అది దాటితే దోమలపెంట వరకు దారి పొడవునా అడవే. కృష్ణానదికి ఇరువైపులా వ్యాపించిన నల్లమలను 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో అది ‘ప్రాజెక్ట్ టైగర్’ పథకంలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత నదికి ఇవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణ వంతుకు వచ్చింది. దీని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించి ఉన్నది. ఇందులో 2,166 చదరపు కిలోమీటర్లను ‘కోర్’ అంటారు. అంటే వన్యప్రాణులకే ప్రత్యేకించిన నడిమి అడవి. దాని చుట్టూ ఉన్న మిగతా భాగం ‘బఫర్’. అది అడవికీ ఊళ్ళకూ నడుమ ఉండే వసారా వంటిది.

అడవి అనగానే ఎప్పుడూ పచ్చగా, వానలో తడుస్తూ ఉండే వనాలను ఊహించుకొని వెళ్ళేవారు మార్చి తరువాత ఇక్కడ నిరాశపడతారు. ఇది ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు మొదలైనవి ఇక్కడి ప్రధాన వృక్షజాతులు. వేసవి ముదిరేకొద్దీ చెట్లు తమలోని తేమను కాపాడుకొనేందుకు ఆకులు రాల్చివేస్తాయి. నేలంతా ఎండుటాకుల పరుపు అవుతుంది. వాగులు ఎండిపోతాయి. అప్పుడు ఒక్క బీడీ ముక్క చాలు, కొన్ని గుట్టలు తగులబడిపోవడానికి. అందుకే అటవీ సిబ్బంది వేసవికి ముందే గడ్డిని, ఆకులను తొలగించి మంట దాటలేని బాటలు వేస్తారు. జంతువుల దాహం తీర్చడానికి నేలలో పళ్ళెం ఆకారపు తొట్లు కట్టి ట్యాంకర్లతో నీరు నింపుతారు. కొన్నిచోట్ల సౌరశక్తితో నడిచే బోర్లు కూడా ఉన్నాయి. కుటుంబంతో వెళ్ళదలచినవారికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వర్షాకాలంలో మూడు నెలలపాటు అడవి లోపలి సఫారీని మూసివేస్తారు. జంతువులకు ఆ విరామం అవసరం.

ఇక్కడ పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క ఉన్నాయి. వాటికి ఆహారమైన చుక్కల దుప్పి, కణితి, మనుబోతు, అడవిపంది ఉన్నాయి. నాలుగు కొమ్ములుండే కొండగొర్రె ఉన్నది. కుందేలంత పరిమాణంలో ఉండి, పగటిపూట కంటపడని మూషిక జింక కూడా ఉన్నది. హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో శాస్త్రవేత్తల పర్యవేక్షణలో పుట్టి పెరిగిన మూషిక జింకలను ఇటీవలి సంవత్సరాల్లో ఈ అడవిలో విడిచిపెట్టారు. ఒక ప్రాణిని పోగొట్టుకోవడం సులభం, తిరిగి దాని ఇంటికి చేర్చడం ఎంత శ్రమతో కూడిన పనో ఇది తెలుపుతుంది.

గత శీతాకాలంలో మా మదర్సాలోని పై తరగతి విద్యార్థులు కొందరితో మేము ఈ అడవికి వెళ్ళాము. ఫర్హాబాద్ ద్వారం వద్ద మా వెంట వచ్చిన గైడ్ చెంచు జాతికి చెందిన పెద్దమనిషి. జీపులో కొంత దూరం వెళ్ళిన తరువాత ఆయన వెంట ఒక వాగు అంచున కొద్దిసేపు నడిచాము. తడి ఇసుకలో ఒకచోట ఆయన ఆగి చేయెత్తాడు. అందరమూ నిలిచిపోయాము. పిడికిలికంటె పెద్దదైన అడుగుజాడ అది. “రాత్రి వచ్చింది సారూ. నీళ్ళు తాగి అటు గుట్ట ఎక్కింది” అన్నాడు. మా విద్యార్థి ఒకడు తన అరచేతిని ఆ గుర్తుపై ఆనించి కొలవబోయాడు. ఆయన మెల్లగా వారించాడు. “ముట్టకు బిడ్డా. మాపటికి మళ్ళ ఎవరన్న వచ్చి రాసుకుంటరు.”

పులి చారలు మనిషి వేలిముద్రల వంటివని, ఏ రెండు పులుల చారలూ ఒకే తీరుగా ఉండవని ఆయనే పిల్లలకు వివరించాడు. చెట్లకు కట్టిన కెమెరాలు దాని రెండు పక్కలనూ చిత్రిస్తాయి. ఆ చారలను పోల్చి, ఎన్ని పులులున్నాయో లెక్కిస్తారు. అడుగుజాడ, చెట్టు బెరడుపై గోటి గీరలు, పెంటిక, దుప్పి చేసే హెచ్చరిక కేక — ఇవన్నీ అడవిలో అక్షరాలు. ఆ రోజు మాకు పులి కనిపించలేదు. అయినా ఆ అక్షరాల్లో కొన్నింటిని పిల్లలు కూడబలుక్కొని చదవగలిగారు.

తిరుగుదారిలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. “హజ్రత్! నీరు, గడ్డి, నిప్పు — ఈ మూడింటిలో మనుషులందరికీ భాగముందని హదీసు పాఠంలో చదువుకొన్నాం కదా. మరి ఇంత గడ్డికి, ఇంత నీటికి గేటు పెట్టి తాళం వేయడం ధర్మమేనా?”

ప్రశ్న చిన్నది కాదు. దీనికి జవాబు వెదకాలంటే ముందు మేము దాటి వచ్చిన ద్వారం పేరునే పరిశీలించాలి. ‘ఫరహ్’ అంటే ఆనందం. ఫర్హాబాద్ అంటే ఆనంద నివాసం. నిజాం పాలనలో ఇది ప్రభువుల వేటకు పేరుమోసిన ప్రాంతం. అప్పుడు కూడా అడవికి కాపలా ఉండేది. కాని ఆ కాపలా పులి బ్రతకడానికి కాదు, ప్రభువు తుపాకీకే అది దొరకడానికి. ఆనందం అక్కడ ఉన్నమాట నిజమే గాని, అది ఒక్కరి ఆనందం.

ఇస్లాంకు పూర్వం అరబ్బు దేశంలోనూ ఇదే ఆచారం ఉండేది. తెగ నాయకుడు పచ్చిక బయలు చూసి, ఎత్తైన చోట కుక్కను మొరిగించేవాడట. ఆ అరుపు ఎంత దూరం వినిపిస్తే అంత మేరా అతని పశువులకే సొంతం. అటువంటి రక్షిత భూమిని ‘హిమా’ అనేవారు. పైగా తన హిమా వెలుపల ఉన్న గడ్డిలో కూడా ఆ నాయకుడు అందరితోపాటు పాలు పంచుకొనేవాడు. దైవప్రవక్త (స) ఈ సొంత హిమాలను రద్దుచేశారు. అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు తప్ప మరెవరికీ హిమా లేదని ప్రకటించారు. అంటే భూమిని కాపాడి ఉంచడమే తప్పని కాదు. ఒక మనిషి గొప్పదనం కోసం కాపాడడం తప్పు, సమాజ శ్రేయస్సు కోసం కాపాడడం ఒప్పు. మదీనా సమీపంలోని నఖీ అనే లోయను ముస్లిముల ఉమ్మడి గుర్రాల కోసం ఆయనే హిమాగా ఉంచారు. మదీనా పట్టణాన్ని దాని రెండు అంచుల నడుమ పవిత్ర క్షేత్రంగా ప్రకటించి, అక్కడి చెట్లు నరకరాదని, వేటాడరాదని నిషేధించారు. తరువాతి కాలంలో ధర్మశాస్త్ర పండితులు దీనిపై ఎన్నో చర్చలు చేశారు. మావర్దీ తన ‘అల్ అహ్కాముస్ సుల్తానియా’ గ్రంథంలో హిమా కోసం ఒక అధ్యాయాన్నే కేటాయించారు.

కనుక మా విద్యార్థికి మేమిచ్చిన జవాబు ఇది. తాళం వేయడం ధర్మమా అని కాదు, ఎవరి కోసం వేశారని అడగాలి. గడ్డిలో అందరికీ భాగముందన్న మాటకు అర్థం, ఇవాళ ముందుగా వచ్చినవాడు మొత్తం కోసుకుపోవచ్చునని కాదు. రేపు వచ్చేవానికీ భాగముంది. నోరులేని జీవికీ భాగముంది. దివ్యఖుర్ఆన్ భూచరాలను, పక్షులను మానవుల వంటి సమూహాలుగానే పేర్కొన్నది. ఆ సమూహాలకు అడగడానికి నోరు, దావా వేయడానికి కచేరీ లేవు. వాటి తరఫున వేసిన తాళమే ఈ గేటు. దీని వెనుక దాక్కొన్న మేలు మనకూ చెందుతుంది. ఈ గుట్టలపై కురిసిన వాన చెట్ల వేళ్ళ మధ్య ఇంకి, వాగులుగా మారి, డిండిలోకి, కృష్ణలోకి చేరుతున్నది. అడవి బోడి అయితే అదే వాన మట్టిని కోసుకుపోయి జలాశయాల అడుగున పేరుస్తుంది.

అయితే జవాబులో సగమే ఇది. మిగతా సగాన్ని హజ్రత్ ఉమర్ (రజి) చరిత్ర నుంచి తెలుసుకోవాలి. ఆయన తన పాలనాకాలంలో రబజా, షరఫ్ అనే ప్రాంతాలను హిమాగా చేశారు. హునయ్ అనే తన సేవకుణ్ణి కాపలాదారుగా నియమించినప్పుడు చేసిన హితబోధ బుఖారీ గ్రంథంలో ఉన్నది. ప్రజల పట్ల మెత్తగా మెలగమని, పీడితుని శాపానికి భయపడమని ఆయన ఆదేశించారు. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి మేకలు ఉన్నవానిని లోపలికి రానివ్వమన్నారు. ఉస్మాన్, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వంటి సంపన్నుల మందలను మాత్రం ఆపమన్నారు. కారణం కూడా చెప్పారు. సంపన్నుల పశువులు చనిపోతే వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు చనిపోతే అతడు బిడ్డలను వెంటబెట్టుకొని పాలకుని గుమ్మం ముందు నిలబడతాడు. అతనికి గడ్డి ఇవ్వడం, తరువాత బంగారం, వెండి ఇవ్వడం కంటె సులువు. కాపలాదారు ఎవరిని ఆపాలో చెప్పడం ఏ పాలకుడైనా చేయగలడు. ఎవరిని ఆపరాదో కూడా చెప్పడమే ఇక్కడి విశేషం.

ఈ కొలమానంతో అమ్రాబాద్‌ను చూసినప్పుడు మొదట గుర్తుకు వచ్చేవారు చెంచులు. ‘పెంట’లని పిలిచే చిన్న గూడేలలో తరతరాలుగా నివసిస్తున్న ఈ ఆదివాసులు తేనె, దుంపలు, ఉసిరి, సారపప్పు, బంక వంటివి సేకరించి బ్రతుకుతున్నారు. 1940లలో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు వీరి మధ్య తిరిగి, 1943లో వీరిపై ఒక గ్రంథాన్ని ప్రచురించాడు. అతని సిఫారసు మేరకు నిజాం ప్రభుత్వం చెంచుల కోసం ఈ పీఠభూమిపై కొంత ప్రాంతాన్ని ప్రత్యేకించింది. ప్రభువు వేటకు అడవిని కాపాడిన రాజ్యమే, ఆలస్యంగానైనా, అడవి బిడ్డకు అడవిలో చోటు ఉన్నదని ఒప్పుకోవలసి వచ్చింది.

స్వతంత్ర భారతదేశపు చట్టం కూడా ఈ రెండు వైపులనూ చూడమన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువుకు రక్షణ ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసికి భూమిపైన, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపైన హక్కును గుర్తించింది. పులుల కోసం కోర్ ప్రాంతం నుంచి ఎవరినైనా తరలించవలసివస్తే, విషయమంతా తెలిసిన తరువాత వారు స్వచ్ఛందంగా అంగీకరించాలన్నది చట్టం విధించిన షరతు. ‘స్వచ్ఛందం’ అన్న మాటకు కాగితం మీద వేసిన వేలిముద్ర మాత్రమే నిదర్శనం కాజాలదు. బయట ఇచ్చే ఇల్లు, నేల, నీరు, బడి, పని — ఇవన్నీ ఎదుట కనిపించినప్పుడే ఒక కుటుంబం నిజంగా ఎంచుకోగలుగుతుంది.

మా గైడ్‌ను మేము ఈ విషయమే అడిగాము. ఆయన కొంతసేపు మౌనంగా నడిచాడు. తరువాత అన్నాడు, “గేటు లేకుంటే ఈ టేకు మిగలదు సారూ. గేటు ఉండాలె. కానీ గేటు లోపల మేము గూడ ఉన్నమని యాది ఉండాలె.” హునయ్‌కు ఉమర్ (రజి) చేసిన బోధను పిల్లలు అంతకుముందే చదివి ఉన్నారు. దానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం మేము తరగతిగదిలో చెప్పలేకపోయాము. నేడు ఎందరో చెంచు యువకులు అటవీ కాపలా శిబిరాల్లో పనిచేస్తున్నారు. ఏ గుట్ట ఎక్కడ దిగుతుందో, ఏ చెలమలో వేసవిలో నీరుంటుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇక ఉమర్ (రజి) ఆపమన్న పెద్ద మందల విషయం. ఈ కాలంలో పెద్ద మంద అంటే వేల ఒంటెలు కానక్కరలేదు. కొన్నేళ్ళ క్రితం నల్లమలలో యురేనియం నిక్షేపాల కోసం అన్వేషించాలన్న ప్రతిపాదన వచ్చింది. చెంచు గూడేల నుంచి నగరాల వరకు వ్యతిరేకత వెల్లువెత్తింది. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. పిడికెడు తేనె కోసం వచ్చినవానిని ఆపి, కొండను తవ్వవచ్చినవానికి తలుపు తీసేదైతే అది హిమా కాదు, పాత వేటభూమే మరో పేరుతో తిరిగి వచ్చినట్లు. పౌరులు మేల్కొని ఉన్నారు గనుక ఆ రోజు అలా జరగలేదు.

ఇంతవరకు చెప్పినది ప్రభుత్వాలకు, సమాజానికి సంబంధించినది. మన కుటుంబాలకు సంబంధించిన భాగం ఇంకా మిగిలి ఉన్నది. శ్రీశైలం రహదారిపై ప్రయాణించినవారందరూ ఒక దృశ్యం చూసి ఉంటారు. కారు ఆగుతుంది. అద్దం దిగుతుంది. అరటిపండ్లు, బిస్కెట్లు, మిగిలిన బిర్యానీ రోడ్డు మీద పడతాయి. కోతులు గుంపుగా దిగివస్తాయి. పిల్లలు కేరింతలు కొడతారు. పెద్దలు పుణ్యం చేశామన్న తృప్తితో ముందుకు సాగుతారు. మనలో కొందరు దీనిని సదఖాగా కూడా భావిస్తారు. దాహంతో ఉన్న కుక్కకు నీరు పోసినవానికి క్షమాభిక్ష లభించిందన్న హదీసును ఉదహరిస్తారు.

కాని ఆ కుక్క దాహంతో బురద నాకుతున్నది. ఈ కోతికి ఆకలి లేదు. అడవి నిండా దాని ఆహారం ఉన్నది. మనం వేసే తిండికి అలవాటుపడి అది అడవిని వదలి తారురోడ్డు మీద కూర్చుంటున్నది. తరువాత వచ్చే లారీకి దాని పిల్ల బలవుతుంది. కోతులు పండ్లు తిని గింజలను దూరదూరంగా విసర్జించడం వల్లనే ఎన్నో చెట్లు కొత్త చోట మొలకెత్తుతాయి. కోతి రోడ్డు చేరితే ఆ విత్తే పని ఆగిపోతుంది. తిండితో పాటు పడిన ప్లాస్టిక్ సంచిలోని ఉప్పు వాసనకు దుప్పి వచ్చి, సంచిని కూడా మింగుతుంది. అది జీర్ణంకాక కడుపులో ఉండలు కట్టి, దుప్పి ఆకలితోనే చనిపోతుంది. పుచ్చుకొనేవాని మేలును చూడని దానం ఇచ్చినవాని మనసును మాత్రమే సంతోషపెడుతుంది. మనకు నిజంగా పుణ్యకాంక్ష ఉంటే మన ఊళ్ళో, మన మేడ మీద, ఎండాకాలంలో పిట్టకు ఒక మట్టిచిప్ప నీరు పెట్టవచ్చు. అడవి జంతువుకు మనం చేయగల గొప్ప ఉపకారం దానికి ఏమీ పెట్టకపోవడమే.

ఇదే రహదారిని రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసివేస్తారు. ఆలస్యంగా చేరుకొన్నవారు మన్ననూరులో ఆగిపోయి విసుక్కోవడం కద్దు. రాత్రి అడవికి పగలు వంటిది. పులి, చిరుత, ఎలుగు ఆహారానికి, నీటికి తిరిగే వేళ అది. వాహనాల వెలుగు కంట పడితే జింక కదలలేక నిలిచిపోతుంది. ఇరవైనాలుగు గంటల్లో తొమ్మిది గంటలు మనం రోడ్డును వాటికి వదులుతున్నాము. మిగిలిన పదిహేను గంటలు అవే మనకు వదులుతున్నాయి. ఆ లెక్క తెలిసినవాడు బయలుదేరే వేళను సరిచూసుకొంటాడు.

కుటుంబంతో వెళ్ళేవారికి మరికొన్ని సూచనలు. మన్ననూరు, ఫర్హాబాద్‌లలో అటవీశాఖ ఏర్పాటుచేసిన వాహనంలో, గైడ్ వెంటనే లోపలికి వెళ్ళాలి. వటవర్లపల్లి సమీపంలోని మల్లెలతీర్థం జలపాతానికి దాదాపు 350 మెట్లు దిగాలి. దిగినవన్నీ తిరిగి ఎక్కవలసినవే గనుక వృద్ధులు, మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. వేసవిలో అక్కడ నీరు సన్నని ధారగా మారుతుంది. మెరిసే రంగుల దుస్తులు, ఘాటైన అత్తరు ఆ రోజుకు మానుకోవాలి. మనకు పరిమళమైనది జంతువుకు ప్రమాద సూచన. పాటలు, కేకలు వద్దు. చెట్ల మీద పేర్లు చెక్కవద్దు. గూటిలోని పిట్ట పిల్లలను పిల్లలు చేతిలోకి తీసుకోబోతే, ఒక తల్లిపిట్ట ఆవేదన చూసి దాని పిల్లలను తిరిగి గూటికి చేర్పించిన దైవప్రవక్త (స) వృత్తాంతాన్ని వారికి చెప్పండి. జనులు నీరు తెచ్చుకొనే చోట, నడిచే బాటలో, నీడనిచ్చే తావున మలినం చేయడాన్ని ఆయన శాపహేతువుగా వర్ణించారు. అడవి బాటలో ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. వాగులో సబ్బు వాడరాదు. ఉజూకు అవసరమైన నీటిని వెంట తీసుకువెళ్ళడమే మేలు. తీసుకుపోయిన ప్రతి సీసా, ప్రతి కవరు తిరిగి మన సంచిలోనే రావాలి. దారిలోంచి హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని నేర్చుకొన్న పిల్లలు, ఎవరో పారేసిన దానిని కూడా ఏరి తెస్తే ఇంకా మంచిది.

పులి కనిపించకపోతే డబ్బు వృథా అయిందని బాధపడవద్దు. పులి ఉన్నదంటే దుప్పి ఉన్నదని, దుప్పి ఉన్నదంటే గడ్డి ఉన్నదని, గడ్డి ఉన్నదంటే నేలలో నీరున్నదని అర్థం. ఆ నీటిని చూడడానికి అడవిలోకి వెళ్ళనక్కరలేదు, ఇంటికి వచ్చి కుళాయి తిప్పినా చాలు.

అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు దొరికిందా అని ఆ విద్యార్థిని తరువాత అడిగాము. “గేటు ఎవరి కోసమో తెలిసింది హజ్రత్. దాన్ని ఎవరు కనిపెట్టుకొని ఉండాలో ఇంకా ఆలోచిస్తున్నాను” అన్నాడు. పాఠక సోదర సోదరీమణులు కూడా తమ పిల్లలతో కలిసి ఆ సంగతి ఆలోచించాలని మా మనవి. భూమిపై మనకు అప్పగించిన అమానతును హద్దు మీరకుండా, బలహీనుని హక్కు మరువకుండా కాపాడే భాగ్యాన్ని విశ్వప్రభువు మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.